ఆ మూడు రోజులు ఎక్కడ దాచావు?

హనుమకొండ,
ఆదివారం

తమ్ముడూ,

మీ బాపు పాత కారు క్లచ్ బాగుచేయడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. పక్కన పెట్టి, టీ తాగి మళ్లీ చదివాను. బాగుందని ఒక ముక్క రాసేస్తే నీకూ హాయి, నాకూ హాయి. కానీ పోయిన నెల నువ్వు ఫోన్లో గంటసేపు చెప్పిన సంగతి ఇది కాదు.

మొదటి పేజీన్నర భద్రకాళి చెరువు మీద సూర్యోదయం, కాకతీయుల వైభవం, వేయిస్తంభాల గుడి. కారు ఇంకా షెడ్డులోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత మీ బాపు హైదరాబాదులో ఆ ఎర్ర స్పిట్‌ఫైర్‌ను, ఆ ట్రయంఫ్ కంపెనీ రెండు సీట్ల కారును, కొన్న ముచ్చట. అది బాగుంది, ఉంచు. అసలు పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇలా రాశావు: ‘క్లచ్ ఫెయిలైంది. మూడు రోజులు కష్టపడి బాగుచేశాం. కారు మళ్లీ పరుగు తీసింది.’ మూడే వాక్యాలు! రోజుకొక వాక్యం చొప్పున లెక్క సరిపోయింది గానీ, నాకు ఆ మూడు రోజులే కావాలి.

‘క్లచ్ ఫెయిలైంది’ అంటే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? ఇంజను గట్టిగా అరుస్తున్నా బండి కదలకపోతే అది ఒక రకం. ప్లేటు అరిగి జారుతోందన్నమాట, లేదా దాని మీద ఆయిల్ పడింది. ఎంత తొక్కినా గేరు పడక, రివర్సు వేయబోతే కరకరమనడం ఇంకో రకం. అక్కడ క్లచ్ విడవడం లేదు. ఇవి రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. జ్వరమొచ్చిందని రాసి ఊరుకుంటే డాక్టరు కూడా మందివ్వడు కదా.

నీది రెండో రకం. వానకాలమంతా షెడ్డులో నిలబెట్టిన బండి కాబట్టి ప్లేటు తుప్పు పట్టి ఫ్లైవీలుకు, అంటే ఇంజను చివర తిరిగే బరువైన చక్రానికి, అంటుకుందని నువ్వు అనుకున్నావు. ఆ అనుమానంలో తప్పేం లేదు, ముసురు పట్టినప్పుడు అలా అంటుకుపోయే బండ్లు ఉంటాయి. కానీ ప్లేటు అంటుకుంటే పెడలు మామూలుగా గట్టిగానే ఉంటుంది. నీ పెడలేమో మెత్తగా నేలదాకా పోయింది. అది నువ్వే ఫోన్లో చెప్పావు, ‘అన్నా, బురదలో కాలు పెట్టినట్టుంది’ అని. ఎంత మంచి మాట! వ్యాసంలో లేదు. సూర్యోదయం తీసేసి అక్కడ దాన్ని పెట్టు. వ్యాసం నీ కాలి దగ్గర మొదలుకావాలి.

క్లచ్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి, అంతకు మించి వద్దు. కాలు తొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి గేర్ బాక్సు దగ్గరున్న కింది సిలిండర్లోంచి ఒక కడ్డీ బయటికొచ్చి ఫోర్కు అనే మీటను తోస్తుంది. ఆ మీట చివరి బేరింగ్ ప్రెషర్ ప్లేటు మీద ఆనుతుంది, దానికీ ఫ్లైవీలుకూ మధ్యలో నలిగిన క్లచ్ ప్లేటుకు ఊపిరాడుతుంది. ఆ కడ్డీ ఓ అర అంగుళం కదలకపోతే ఎంత కొత్త ప్లేటు వేసినా దండగే. నువ్వు ‘ఘర్షణ ఫలకం’ అని రాశావు చూడు, అది కొట్టెయ్. ఏ షాపులోనైనా ఘర్షణ ఫలకం కావాలని అడుగు, మనిషిని పిచ్చోణ్ని చూసినట్టు చూస్తారు.

ఇప్పుడు నువ్వు దాచిన సంగతికి వస్తాను.

ఆ బండి గేర్ బాక్సు కిందనుంచి కాదు, లోపలినుంచి బయటికొస్తుంది. 1960ల్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ది కూడా ఇదే పద్ధతి. హెరాల్డ్ చాసిస్‌ను పొట్టి చేసే 1962లో స్పిట్‌ఫైర్‌ను తెచ్చారు, ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. అంటే నువ్వు సీట్లు పీకావు, కార్పెట్ తీశావు, మధ్యలో ఉన్న గేర్ బాక్సు మూత విప్పావు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు నట్లు వదులు చేశావు, ఇంజను కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఆనించావు. మీ బావా నువ్వూ కలిసి ఆ బరువును ఒళ్లో పిల్లాణ్ని ఎత్తినట్టు ఎత్తి సీట్ల స్థానంలోకి లాగారు. ఇదంతా ఫోన్లో విన్నాను. మనుషులు కూర్చునే చోట గేర్ బాక్సు కూర్చుంది! ఏ రచయితకు దొరుకుతుందిది? నువ్వు పారేశావు.

తీసి చూస్తే ప్లేటు బాగానే ఉంది. తుప్పు లేదు, ఆయిల్ లేదు, మందం కూడా ఉంది. అయినా ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని కొత్తది తెప్పించి వేశావు, సీట్లు తప్ప మళ్లీ అంతా బిగించావు. మూడో రోజు సాయంత్రం తొక్కితే అదే బురద.

అసలు దొంగ కింది సిలిండరు. గేర్ బాక్సు తీయడానికి అడ్డమని దాన్ని విప్పి, పైపుతో సహా తీగ వేసి పక్కకు కట్టావు. మూడు రోజులు నీ మోచేతికి తగులుతూ అక్కడే వేలాడింది. దాని రబ్బరు తొడుగును వేలితో వెనక్కి జరిపి ఉంటే లోపల కారిన ఆయిల్ తడి కనిపించేది. రెండు నిమిషాల పని. సిగ్గుపడి నువ్వు దీన్ని రాయలేదని నాకు తెలుసు. తమ్ముడూ, ఆ తీగ రాయి. దాన్ని ఎట్లా మెలి తిప్పి కట్టావో కూడా రాయి.

నేనూ దాచినవాణ్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా బావ హెరాల్డ్‌లో ఓ రాత్రి క్లచ్ ఆయిల్ తగ్గింది. షాపులు మూశారు. ఏదైనా ఆయిలే కదా అని ఇంజన్ ఆయిల్ పోశాను. ఆ కాలపు రబ్బరుకు అది విషం. వాషర్లు ఉబ్బి పిస్టన్ వెనక్కి రావడం మానేసింది, పైది కిందిది రెండు సిలిండర్లూ విప్పాల్సి వచ్చింది. కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన కాకా ఒకాయన వచ్చి చూసి, ఏమీ తిట్టలేదు. ‘సారూ, గిది మీరు పిల్లలకు పాఠం జెప్పేటప్పుడు జెప్పుతరా?’ అని మాత్రం అడిగాడు. చెప్పలేదు. కథల్లోనూ రాయలేదు. ఒక కథలో క్లచ్ చెడగొట్టే పాత్ర పెట్టాను గానీ, ఆ పని డ్రైవరు చేసినట్టు రాశాను. ఆ డ్రైవరు పాత్ర ఇప్పటికీ నాకు అట్టముక్కలా కనిపిస్తాడు.

చిన్న సంగతులు కొన్ని. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. నువ్వు ఊదావో తుడిచావో ఉన్నదున్నట్టు రాయి. ప్లేటును నడిమధ్యలో నిలబెట్టడానికి మీ బావ ఓ కర్రకు టేపు చుట్టి వాడాడన్నావు, అది తప్పకుండా రావాలి. బ్రేక్ ఆయిల్ పడి కారు మడ్‌గార్డు మీద ఎర్ర రంగు లేచిన మచ్చ, మీ బాపు దాన్ని చూసి ఏమన్నాడు?

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మీ అమ్మ గురించి. వ్యాసంలో ఆమె రెండుసార్లు కనిపిస్తుంది, రెండుసార్లూ చాయ్ తెచ్చి వెళ్లిపోతుంది. కానీ కొత్త రబ్బరు కిట్ వేశాక పైపులో చిక్కిన గాలి తీయడానికి పెడలు తొక్కింది ఎవరు? మీ బావ ఊరికి వెళ్లాడు కదా. కొంగు నడుముకు చుట్టి, విప్పేసిన సీటు చోట పీట వేసుకుని ఆమే కూర్చుంది. నువ్వు కింది సిలిండర్‌కు గాలి వదిలే చిన్న మర, అదే నిపుల్, దగ్గర పడుకుని ‘తొక్కు... పట్టుకో... ఇగ వదులు’ అని అరుస్తున్నావు. నిపుల్ బిగించకముందే ఆమె కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి. ఆయిల్ డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికి. నిపుల్‌లోంచి వచ్చే ఆయిల్ పట్టిన సీసాలో బుడగలు తగ్గుతూ తగ్గుతూ, నీకింకా ఏమీ తెలియకముందే ఆమె పైనుంచి ‘గట్టివడ్డది రా’ అంది. నువ్వు ఈ మాట చెప్పినప్పుడు ఫోన్లో నీ గొంతు మారింది.

తిరగరాసేటప్పుడు కొత్తగా ఏదీ కల్పించకు. జరిగిన వరసలోనే రాయి, పొరపాటున ప్లేటు తెప్పించిన ఖర్చుతో సహా. వచ్చే ఆదివారం నేనే మీ ఇంటికి వస్తాను. కాయితాలు చూద్దాం. ఆ పాత రబ్బరు వాషర్లు పారేయకుండా ఉంటే అవి కూడా తీసి పెట్టు. అమ్మకు నా నమస్కారాలు చెప్పి, నిపుల్ ఎన్నిసార్లు విప్పి బిగించావో ఆమెను అడిగి పెట్టు. నీకు గుర్తుండదు, ఆమెకు ఉంటుంది.

మీ అన్న