పాత మిద్దెల పుట్టుపూర్వోత్తరాలు

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మా వీధి పాత మిద్దెల చరిత్ర తెలుసుకోవాలని ఉంది. మా ఇంటి కాగితాలు 2009 అక్టోబరు వరదలో నానిపోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీకి (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల జాబితాకి) దరఖాస్తు చేసి, అందులో కనిపించిన పాత దస్తావేజుల నకళ్లు తీసుకోండి. క్రయవిక్రయాల కంటే చెక్కుబందీని, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరాన్ని శ్రద్ధగా చదవండి. తూర్పున ఫలానా వారి మిద్దె, పడమట రస్తా అంటూ రాసిన ఆ నాలుగు వాక్యాల్లో మీ ఇంటితోపాటు ఇరుగుపొరుగు ఇళ్ల యజమానుల పేర్లూ దొరుకుతాయి. పొరుగువారి దస్తావేజు నీళ్లపాలు కాకుండా ఉంటే, దాని హద్దుల్లో మీ పూర్వికులే కనిపించవచ్చు.

తరువాత తలెత్తి పైకప్పు చూడండి. దూలాలపై దంతెలు (సన్నని అడ్డకర్రలు) పరిచి చవుడు మన్ను కప్పినది పాత పద్ధతి. కానీ ఒకే ఇంట్లో కొంత మరమ్మతు అయి ఉంటుంది కాబట్టి, కప్పును బట్టి వయసు కట్టకండి. నవాబుల కాలపు ఇల్లని ఎవరైనా అంటే, ఆ పాలన 1839లో ముగిసిందని గుర్తుంచుకుని ఆధారం అడగండి. నగరం ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న 1953-56 నాటి అద్దెల ముచ్చట్లను మాత్రం పెద్దల నోట ఇప్పుడే రాసుకోండి.