జిమ్ సందేహాలు: బార్ ఛాతీ మీద ఆగిపోతే?

ప్రతిసారీ వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం 'నేను ఎంత బరువు ఎత్తొచ్చు మేడమ్' అనే అడుగుతాయి. ఈసారి వాటిని పక్కన పెట్టేశాను. దెబ్బ తగిలినవాళ్లు, తగలబోయి తప్పించుకున్నవాళ్లు, పిల్లలకి తగులుతుందేమోనని భయపడుతున్నవాళ్లు రాసినవే తీసుకున్నాను.

ప్రశ్న: నేను తెల్లవారుజామున జిమ్‌కి వెళ్తాను. ఆ టైంలో ఎవరూ ఉండరు. మొన్న బల్ల మీద పడుకుని బార్‌ని పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో ఆఖరి రెప్‌కి, అంటే ఆఖరిసారి ఎత్తేటప్పుడు, బార్ ఛాతీ మీద ఆగిపోయింది. ఎలాగో ఒక పక్కకి ఒరిగి బయటపడ్డాను. అప్పటినుంచి బెంచ్ దగ్గరికి వెళ్లాలంటేనే టెన్షన్. మానేయమంటారా?

జవాబు: బెంచ్ ప్రెస్ మానేయక్కర్లేదు తమ్ముడూ. పక్కన మనిషి లేకుండా, బార్‌ని ఆపే పిన్నులు లేకుండా ఆఖరి రెప్ దాకా వెళ్లడం మానేయాలి. నేల మీంచి బార్ ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో బరువు రాకపోతే కింద పెట్టేస్తాం. బార్‌ని భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌లో లేవలేకపోతే బార్‌ని వెనక్కి పడేసి ముందుకు తప్పుకోవచ్చు. బెంచ్ ప్రెస్‌లో మనిషి కింద, ఇనుము పైన. తప్పుకునే చోటే లేదు. ఛాతీ మీద పడితే ఊపిరి ఆడదు, మెడ మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది.

మీ జిమ్‌లో పవర్ ర్యాక్ (నిలువు స్తంభాలున్న ఇనుప చట్రం) ఉంటే బెంచ్‌ని దాంట్లోకి లాక్కోండి. బార్ మన మీద పడకుండా ఆ ర్యాక్‌కి అడ్డంగా పెట్టే సేఫ్టీ పిన్నులు ఏ ఎత్తులో పెట్టాలో చాలామందికి తెలియదు. ఛాతీ ఉబ్బించి పడుకున్నప్పుడు బార్ ఛాతీని తాకాలి. ఊపిరి వదిలి వీపుని బల్లకి ఆనించగానే బార్ పిన్నుల మీద కూర్చోవాలి, ఛాతీ మీద కాదు. ఇది ముందు ఖాళీ బార్‌తో చూసుకోండి. పెద్ద బార్ ఖాళీగానే 20 కిలోలు ఉంటుంది, ఆ పరీక్షకి అది చాలు. ఒకసారి కావాలనే ఫెయిలై, బార్‌ని పిన్నుల మీద వదిలి బయటికి రండి. మీ టెన్షన్ సగం అక్కడే పోతుంది. నా దగ్గర చేరేవాళ్లతో మొదటి వారమే ఈ పని చేయిస్తాను. 'ఎత్తడం నేర్పమంటే పడేయడం నేర్పుతుందేమిటి' అని కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.

ర్యాక్ లేకపోతే ఒంటరిగా ఉన్న రోజు డంబెల్స్‌తో చేసుకోండి, లేదా ఇంకో రెండు రెప్‌లు వస్తాయనగానే ఆపేయండి. బార్‌ని పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించి లేచి కూర్చునే పద్ధతి ఒకటుంది. తక్కువ బరువుకి సరే, ఎక్కువ బరువైతే పొట్ట నలిగిపోతుంది. ప్లేట్లు జారకుండా పట్టే క్లిప్పులు పెట్టకుండా చేసి, ఇరుక్కుంటే బార్ వంచి ప్లేట్లు జార్చేయడం ఇంకో పద్ధతి. ఒక పక్క ప్లేట్లు జారగానే రెండో పక్క బార్ విసురుగా తిరుగుతుంది, దగ్గర ఎవరైనా ఉంటే వాళ్ల పని అంతే. పిన్నులూ లేక, మనిషీ లేక, చుట్టూ ఖాళీ ఉన్నప్పుడు మాత్రమే అది. మిగతా అన్ని వేళలా క్లిప్పులు పెట్టాల్సిందే.

బొటనవేలు తప్పకుండా బార్ చుట్టూ తిప్పి పట్టండి. అది తిప్పకుండా పట్టే పట్టుని లిఫ్టర్లే 'సూసైడ్ గ్రిప్' అంటారు.

పక్కన మనిషి ఉంటే నోరు తెరిచి అడగండి. ఎన్ని రెప్‌లు చేయబోతున్నారో, ఎప్పుడు చేయి వేయాలో ముందే చెప్పండి. ఫోన్ చూస్తూ తల దగ్గర నిలబడేవాడు స్పాటర్ (అవసరమైతే బార్ అందుకునే మనిషి) కాదు. ఇరుక్కుంటే సిగ్గుపడకుండా అరవండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జర్మన్ లిఫ్టర్ మథియాస్ స్టైనర్ కూడా 2012 లండన్‌లో స్నాచ్‌లో (బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 196 కిలోలు ఆపలేకపోయాడు, బార్ మెడ మీద పడింది. లేచి నడిచి వెళ్లాడు గానీ పోటీ నుంచి తప్పుకున్నాడు. అక్కడ క్షణాల్లో డాక్టర్లు వస్తారు. తెల్లవారుజామున మీ జిమ్‌లో ఎవరొస్తారు?

ప్రశ్న: సెట్ అయిపోయాక ర్యాక్ మీద ఉన్న బార్‌కి ప్లేట్లు తీస్తుంటే బార్ ఎగిరి మా ఫ్రెండ్ గడ్డానికి తగిలింది. ఎత్తేటప్పుడు ఏమీ కాలేదు, సర్దేటప్పుడు ఇలా జరిగిందేమిటి?

జవాబు: ఒక పక్క ప్లేట్లన్నీ తీసేసి ఉంటారు. బార్ కింద రెండు ఆధారాలే ఉంటాయి, ప్లేట్లు ఆ రెండింటికీ బయట వేలాడతాయి. ఒక పక్క ఖాళీ అయితే రెండో పక్క బరువు బార్‌ని పైకి లేపి తిప్పేస్తుంది. ఆధారాలు ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా తిరుగుతుంది. ఇటు ఒకటి తీస్తే అటు ఒకటి తీయండి. రెండు పక్కలకీ ఒక ప్లేట్ కంటే తేడా రానివ్వకండి. ఎక్కించేటప్పుడూ అంతే.

అమెరికాలో 1990 నుంచి 2007 వరకు వెయిట్ ట్రైనింగ్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్ల లెక్కలు తీశారు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు బరువు మనిషి మీద పడ్డ కేసులే. దెబ్బ అనగానే మనం నడుము పట్టేయడం గురించే ఆలోచిస్తాం. కాలి వేళ్ల మీద పడే ప్లేట్ గుర్తురాదు. చెప్పులతో జిమ్‌లోకి వచ్చేవాళ్లని నేను గుమ్మం దగ్గరే ఆపేస్తాను.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. బీపీ మాత్రలు వాడుతున్నాను. డాక్టరు తేలికపాటి బరువులకి సరేనన్నారు. ఈమధ్య కాళ్లతో బరువుని నెట్టే లెగ్ ప్రెస్ చేస్తుంటే తల తిరిగి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. బరువు తగ్గిస్తే సరిపోతుందా?

జవాబు: ముందు లెగ్ ప్రెస్ ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి సార్. ఆయన సరేనన్నది ఈ తల తిరుగుడు మొదలవకముందు. ఇప్పుడు సంగతి వేరు.

మీరు ఊపిరి బిగబట్టి నెడుతున్నారని నా అనుమానం. అలా చేస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. 1985లో వచ్చిన ఒక పరిశోధనలో, వ్యాయామం అలవాటున్న బాడీబిల్డర్ల రక్తనాళంలోనే గొట్టం పెట్టి బీపీ కొలిచారు. రెండు కాళ్లతో బరువైన లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు సగటున 320/250 దాకా వెళ్లింది. అవి ఆరోగ్యంగా ఉన్న యువకుల రక్తనాళాలు. మీ డాక్టరు మళ్లీ ఒప్పుకుంటే, నెట్టేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. ఊపిరి బిగబట్టకుండా చేయలేని బరువు మీకు ఎక్కువే. సెట్ అవగానే దిగ్గున లేవకండి. ఛాతీలో నొప్పి గానీ, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి గానీ వస్తే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్లు. వెయిట్లు ఎత్తితే ఎత్తు పెరగడని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. పక్కన నేర్పే మనిషి ఉండి, పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగిపోతుందని ఏ పరిశోధనా తేల్చలేదు. అయితే పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం మెత్తగా ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలితే అది దెబ్బతినొచ్చు. అంటే భయపడాల్సింది బరువుకి కాదు, ఎవరూ చూడని చోట ఫ్రెండ్స్‌తో వేసే పందాలకి. 'ఎంత ఎత్తుతావో చూద్దాం' అనే ఆట వద్దని చెప్పండి. ఇంట్లో వెయిట్లు ఉంటే చిన్నపిల్లలకి అందనివ్వకండి. వాళ్లకి ఎక్కువగా చేతులూ కాళ్లే నలుగుతాయి.

ప్రశ్న: చాలా గ్యాప్ తర్వాత జిమ్‌లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ వందల స్క్వాట్లు చేయించాడు. రెండు రోజులకి తొడలు వాచాయి, మూత్రం కోలా రంగులో వస్తోంది. నీళ్లు ఎక్కువ తాగితే తగ్గుతుందా?

జవాబు: ఈ ఉత్తరానికి పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ రోజే జవాబిచ్చాం, ఆసుపత్రికి వెళ్లమని. ఇది మామూలు ఒళ్లునొప్పి కాదు, రాబ్డోమయోలిసిస్ కావచ్చు. కండరాలు చితికి వాటిలోని ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది, దానివల్ల కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తపరీక్షలో తేలిపోతుంది. ఇంట్లో నీళ్లు తాగుతూ కూర్చోకూడదు, నొప్పి మాత్రలు అసలే వేసుకోకూడదు, వాటిలో కొన్ని కిడ్నీలకి ఇంకా హాని చేస్తాయి. డాక్టరు సరేనన్నాకే మళ్లీ మొదలుపెట్టమ్మా. కొన్ని రోజుల పాటు పది స్క్వాట్లతో సరిపెట్టుకో. ఆ ట్రైనర్ మళ్లీ వందలు అంటే, ట్రైనర్‌ని మార్చుకో.