పాఠకుల ప్రశ్నలు: పరదేశంలో భూకంపం, పుట్టింటి పిలుపు

ప్రశ్న: మాది తిరుపతి. మా అత్తగారి ఊరు చిత్తూరు. మా వారు అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్నారు. బదిలీ మీద ఉత్తర జపాన్‌లోని మిసావా స్థావరానికి వచ్చాము. నాకు భారత పాస్‌పోర్టు, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నాయి. జపాన్‌లోనే పుట్టిన మా పాపకు పద్నాలుగు నెలలు. తనది అమెరికా పాస్‌పోర్టు. ఇటీవల సముద్రంలో వచ్చిన పెద్ద భూకంపానికి మా ఇల్లు చెక్కుచెదరలేదు గానీ కరెంటు పోయి వచ్చింది, ఇప్పటికీ రాత్రిళ్ళు నేల కదులుతూనే ఉంది. మా వారు సహాయక పనుల్లో ఉండి నిద్రకు మాత్రమే ఇంటికి వస్తున్నారు. అమ్మ, అత్తమ్మ పాపను తీసుకొని వెంటనే వచ్చేయమని పదేపదే ఫోను చేస్తున్నారు. మా వారిని అడిగితే "నీ ఇష్టం" అంటున్నారు. వస్తే ఆయనను కష్టకాలంలో వదిలి వచ్చినట్టు, ఉంటే బిడ్డను ప్రమాదంలో పెట్టినట్టు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు నిలిచి ఉండి, కరెంటు, నీళ్ళు, పాపకు పాలు, గదిలో వెచ్చదనం ఉన్నంతవరకు ఈ వారంలో మీరు బయలుదేరవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. పెద్ద భూకంపం తరువాత సుమారు వారం రోజులపాటు అంతే తీవ్రమైన కంపం మళ్ళీ రావచ్చుననీ, అందులోనూ మొదటి రెండు మూడు రోజులు మరింత జాగ్రత్తగా ఉండాలనీ జపాన్ వాతావరణ సంస్థ చెబుతుంది. అదే వారంలో రైళ్ళు ఆగిపోతాయి, రోడ్లు మూతపడతాయి, విమానాలు ఆలస్యమవుతాయి. చంటిబిడ్డను ఎత్తుకొని మిసావా నుంచి టోక్యోకు, అక్కడి నుంచి ఢిల్లీ మీదుగానో సింగపూర్ మీదుగానో చెన్నైకి, ఆపైన మూడు నాలుగు గంటలు రోడ్డు మీద తిరుపతికి చేరడం మామూలు రోజుల్లోనే పెద్ద ప్రయాణం. ఆ వారంలో ఇంటి గోడల మధ్య కంటే దారిలోనే మీకు ఇబ్బంది ఎక్కువ.

అయితే ఇది ప్రతి ఇంటికీ వర్తించే మాట కాదు. మీరు మళ్ళీ గర్భవతి అయినా, పాపకు నిత్యం వైద్యం కావలసిన జబ్బేదైనా ఉన్నా, ఇంటిని పరిశీలించినవారు అందులో ఉండవద్దన్నా, నిద్ర పూర్తిగా కరవై పాపను చూసుకొనే శక్తి మీలో తగ్గిపోతున్నా నా జవాబు వేరుగా ఉండేది. చివరి కారణాన్ని చాలామంది కారణంగా లెక్కించరు. నేను లెక్కిస్తాను. మీ స్థావరంలోని కుటుంబ సహాయ కేంద్రంలో సలహాదారులు ఉంటారు, మీ వారి దళానికి 'కీ స్పౌజ్' లేదా 'కీ సపోర్ట్' అనే పేరుతో తోటి కుటుంబాలను కనిపెట్టుకొని ఉండే వ్యక్తి ఉంటారు. వారిని కలవడం వల్ల మీ వారి ఉద్యోగానికి మచ్చ వస్తుందేమోనన్న జంకు మన ఇళ్ళ నుంచి వెళ్ళిన ఆడపిల్లల్లో ఎక్కువ. వారిని అక్కడ నియమించిందే ఇలాంటి రోజుల కోసం.

ఇక్కడి పెద్దలకు తెలియని సంగతి మరొకటి ఉంది. సైనికుని భార్య విదేశీ స్థావరం నుంచి బయలుదేరడానికి దారులు అనేకం. వాటి ఫలితాలూ వేర్వేరు. సొంత ఖర్చుతో కొద్ది రోజులకు పుట్టింటికి రావడానికి ఎవరి ఆజ్ఞా అక్కరలేదు, కానీ ఆ ఖర్చు తరువాత తిరిగి వస్తుందన్న భరోసా లేదు. పరిస్థితి విషమించిందని ప్రభుత్వం భావిస్తే, వెళ్ళదలచిన కుటుంబాలు వెళ్ళవచ్చునని అనుమతి ఇస్తుంది. ఇంకా విషమిస్తే తప్పనిసరిగా వెళ్ళమని ఆదేశిస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ప్రయాణం ఖర్చు, తల దాచుకొనే చోట భత్యం లభిస్తాయి, గరిష్ఠంగా నూట ఎనభై రోజుల వరకు. అయితే ఆ తల దాచుకొనే చోటు సాధారణంగా అమెరికాలోనే ఉంటుంది. తిరుపతికి రావాలంటే దానికి ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. ఇవేవీ కాకుండా, కుటుంబాన్ని గడువుకు ముందే వెనక్కి పంపించివేసే పద్ధతి ఒకటి ఉంది. దాని మీద సంతకం చేస్తే మళ్ళీ ప్రభుత్వ ఖర్చుతో మిసావాకు రావడం, ఆ ఇంట్లో ఉండడం కష్టమవుతుంది. భయపడిన రాత్రి ఎవరో ఇచ్చిన కాగితం మీద ఆ సంతకం చేయకండి.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు ఈశాన్య జపాన్‌లోని తోహోకు తీరంలో 9 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఇవన్నీ ఆచరణలో కనిపించాయి. మిసావాలో మంచు కురిసే కాలంలో కరెంటు పోయింది. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతినడంతో, వారం తిరగకముందే సైనిక కుటుంబాలు కోరుకుంటే వెళ్ళవచ్చునని అమెరికా అనుమతి ఇచ్చింది. వేలాది భార్యలు, పిల్లలు విమానాలెక్కారు, ఉండిపోయినవారూ చాలామందే. సుమారు నెల తరువాత ఆ అనుమతిని ఎత్తివేశారు, వెళ్ళినవారు తిరిగి వచ్చారు. ఆ నెలలోనే వారి భర్తలు 'తొమోదాచి' పేరిట జరిగిన సహాయక చర్యల్లో పనిచేశారు, సునామీ ముంచెత్తిన సెందాయ్ విమానాశ్రయాన్ని తిరిగి వాడుకలోకి తేవడంలో పాలుపంచుకున్నారు. మిసావా స్థావరం వారు పక్కనే ఉన్న చేపల రేవును శుభ్రం చేయడానికి వెళ్ళారు. అనుమతి వచ్చింది భూమి కదిలినందుకు కంటే అణుధూళి భయం వల్లనే ఎక్కువ అన్నది మీరు గమనించవలసిన విషయం. మీ చోట అలాంటి రెండో ప్రమాదం లేనప్పుడు ప్రభుత్వ అనుమతి వస్తుందని ఎదురుచూడకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచింది పాప పాస్‌పోర్టు. అమ్మమ్మ ఎంత పిలిచినా, అమెరికా పాస్‌పోర్టు ఉన్న బిడ్డ వీసా గానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) గానీ లేకుండా భారతదేశంలో అడుగుపెట్టలేదు. ఈ-వీసాకు ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేయాలి, ఓసీఐకి వారాలు పడుతుంది. కాబట్టి ఉండాలని నిర్ణయించుకున్నా సరే, ఓసీఐ దరఖాస్తు ఇప్పుడే మొదలుపెట్టండి. మీ విషయానికి వస్తే, జపాన్‌లో మీరు ఉంటున్నది మామూలు వీసా మీద కాదు, సైనిక కుటుంబాలకు వర్తించే ఒప్పందం కింద. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఒప్పందం ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో పాటు మీ వారి బదిలీ ఉత్తర్వుల ప్రతి మీ చేతిసంచిలో ఉండాలి. ఇక గ్రీన్‌కార్డు. సైనికుడైన భర్తతో ఆయన ఉత్తర్వుల మీద విదేశంలో కలిసి ఉన్న కాలాన్ని పౌరసత్వం కోసం అమెరికాలో నివాసంగానే లెక్కించే వెసులుబాటు చట్టంలో ఉంది. తిరుపతిలో నెలల తరబడి ఉంటే ఆ లెక్క మారవచ్చు. పదిహేను రోజులకు మించి ఉండదలచినట్లయితే బయలుదేరకముందే స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయంలో అడగండి. అక్కడ సలహా ఉచితం.

ఇంట్లో వారానికి సరిపడా నీళ్ళు, పాప ఆహారం, చేతిలో యెన్‌లలో కొంత నగదు, కారులో సగానికి తగ్గని పెట్రోలు ఉంచుకోండి. ఈ జాగ్రత్తలు మీకు ఈపాటికే అక్కడివారు చెప్పి ఉంటారు.

వదిలి వచ్చినట్టు అవుతుందన్న బాధ గురించి ఒక్క మాట. మీ వారు "నీ ఇష్టం" అన్నది నిర్లక్ష్యంతో కాకపోవచ్చు. పగలంతా శిథిలాల మధ్య పనిచేసి వచ్చిన మనిషికి ఇంట్లో మరో నిర్ణయం మోసే ఓపిక ఉండదు. ఆయనను "వెళ్ళనా, ఉండనా" అని అడగడం మాని, "పాపకు ఓసీఐ రాగానే ఒక నెల వెళ్ళి వస్తాను, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను, సమ్మతమేనా" అని అడగండి. దానికి ఆయన తప్పక బదులిస్తారు.

అమ్మకు, అత్తమ్మకు మీ తరఫున నేనే ఇక్కడ చెబుతాను. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఫోనుల మీద ఫోనులు చేసి అటు వెళ్ళండి, ఇటు వెళ్ళండి అన్న బంధువుల వల్ల కట్ట దగ్గర నిలబడినవారికి ఒరిగింది ఏమీ లేదు. మిసావాలో ఉన్నది మీ అమ్మాయి. అక్కడ గోడ పగిలిందా, నీళ్ళు వస్తున్నాయా అన్నది ఆమెకు కనిపిస్తుంది. మీరిద్దరూ మాట్లాడుకొని రోజుకు ఒకే వేళ, ఒక్కరే ఫోను చేయండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. తిరుపతిలో సాయంత్రం నాలుగున్నరకు చేస్తే అక్కడ రాత్రి ఎనిమిది, పాప నిద్రపోయే వేళ. మిగిలిన బంధువులకు కబురు చెప్పే బాధ్యత ఆ ఒక్కరు తీసుకుంటే మీ అమ్మాయికి మీరు చేయగల అతి పెద్ద సాయం అదే.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు జపాన్‌లో ఒక అమెరికా సైనిక స్థావరంలో ఉన్నారు. భూకంపం వచ్చిన తరువాత రెండు రోజులు ఇద్దరి ఫోనులూ కలవలేదు. స్థావరానికి ఫోను చేస్తే వివరాలు చెప్పలేమన్నారు. ఇలాంటప్పుడు ఎవరిని అడగాలి? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: ఎక్కడి స్థావరమైనా ఫోనులో గొంతు విని తండ్రి అని నమ్మి వివరాలు చెప్పదు, అది మీ అబ్బాయి క్షేమం కోసం పెట్టుకున్న నియమమే. జపాన్‌లో పెద్ద విపత్తు వచ్చినప్పుడు 171 అనే నంబరు మీద సందేశాలు నిలువచేసే సేవ తెరుస్తారు. అక్కడున్నవారు తమ ఫోను నంబరు మీద "క్షేమంగా ఉన్నాము" అని చెప్పి పెట్టవచ్చు. దీనికే 'వెబ్ 171' అనే ఇంటర్నెట్ రూపం ఉంది, దానిని చిత్తూరు నుంచి కూడా చూడవచ్చు. ఏ నంబరు మీద వెతకాలన్నది ముందే మాట్లాడుకోకపోతే ఇది పనికిరాదు. ప్రతి నెల 1వ, 15వ తేదీల్లో సాధన కోసం ఈ సేవను తెరిచి ఉంచుతారు గనుక వచ్చే 1వ తేదీన కోడలితో కలిసి ఒకసారి వాడి చూడండి.

ఇక మన ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి ఆ కబురు అబ్బాయికి చేరవలసి వస్తే అమెరికన్ రెడ్‌క్రాస్ దారి ఉంది. వారు ఆసుపత్రి నుంచి విషయాన్ని నిర్ధారించుకొని పై అధికారికి చేరవేస్తారు; సెలవు ఇవ్వాలా వద్దా అన్నది ఆ అధికారి నిర్ణయం. అందుకు అబ్బాయి పూర్తి పేరు, హోదా, దళం పేరు, పుట్టిన తేదీ కావాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకొని బీరువాలో పెట్టుకోండి. ఫోనులో ఉన్నాయి కదా అనుకోకండి, ఆ వేళకు ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

ప్రశ్న: ఫలానా తేదీన జపాన్‌లో ఇంకా పెద్ద భూకంపం వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. మా చెల్లెలు, మరిది అక్కడి నౌకా స్థావరంలో ఉన్నారు. నమ్మవచ్చునా? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నమ్మవద్దు. తేదీ, వేళ, చోటు చెప్పి భూకంపాన్ని ముందుగా సూచించే విద్య ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు. 2025 జూలైలో విపత్తు వస్తుందని ఒక బొమ్మల కథలో ఉందని ప్రచారం జరిగి, హాంకాంగ్ నుంచి జపాన్‌కు ప్రయాణికులు తగ్గి విమానాలనే కుదించుకున్నారు. చెప్పిన రోజున అలాంటి విపత్తు ఏదీ రాలేదు. అలాగని జపాన్ ప్రభుత్వం జారీ చేసే హెచ్చరికను కూడా ఇదే గాటన కట్టకండి. 2024 ఆగస్టు 8న క్యూషూ తీరంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు జపాన్ దక్షిణ తీరాన సముద్రం అడుగున ఉన్న నంకై అగాధం వెంబడి మహాభూకంపానికి అవకాశం మామూలు కంటే పెరిగిందని మొదటిసారిగా సూచన ఇచ్చి, వారం తరువాత ఎత్తివేశారు. ఫలానా రోజున వస్తుందని అందులో ఎక్కడా లేదు. ఆ వారం రోజులు సంచి సర్దుకొని, చెప్పులు మంచం పక్కన పెట్టుకొని పడుకోమన్నది దాని సారాంశం. వాట్సాప్ సందేశాన్ని మీ చెల్లెలికి పంపకండి. ఆమె ఫోనులో జపాన్ ప్రభుత్వ హెచ్చరికలు, స్థావరం హెచ్చరికలు రెండూ మోగేలా పెట్టుకున్నదో లేదో మాత్రం అడగండి.