వెనక తలుపు ఎటు తెరుచుకుంటుంది?

అమ్మలూ,

గుంటూరులో ఒక పాత మిర్చి గోడౌన్‌ని గ్యాలరీ చేశారనీ, అందులో నువ్వు ఇన్‌స్టలేషన్, అదే, ఆ చోటులోనే కట్టే కళాకృతి పెడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ గోడల్నీ, ఆ పేట జనాన్నీ చూశాకే ఏం కట్టాలో తేల్చుకుంటానన్నావట. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. మామయ్యకి ముందే ఒక్క మాట చెప్పకూడదటే?

కొలతలు నువ్వే తీసుకో. సున్నం గోడకి డ్రిల్ పెట్టకు, పెచ్చులూడతాయి. ఎండుమిర్చి వాడితే ఫ్యాన్ వెయ్యనివ్వకు, ఘాటు లేచి చూడ్డానికొచ్చిన పిల్లలు దగ్గి దగ్గి ఏడుస్తారు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా తలుపుల గురించి.

నాకు ముప్ఫై రెండేళ్లప్పుడు ఇదే ఊళ్లో ఒక పాత హాల్లో ప్రదర్శన పెట్టాను. మిర్చి యార్డు నుంచి ఖాళీ టిక్కీలు, అదే, మిర్చి నింపే గోనె బస్తాలు తెచ్చి, ఊక నింపి, వెనక గోడ వెంబడి పైకప్పు దాకా పేర్చాను. లోపల అడుగుపెడితే ఊరి మిర్చి బరువంతా మీద పడ్డట్టు ఉండాలని నా ఆశ. అలాగే ఉంది కూడా. అందరూ మెచ్చుకున్నారు. ఆ వెనక గోడకి ఒక తలుపుంది. గడియ తుప్పు పట్టి ఉంటే ఎవరూ వాడరనుకుని మూసేశాను.

వెనక సందులో ఆడవాళ్లు రోజూ తెల్లవారుజామున బిందెలతో ఆ తలుపులోంచే ముందువైపు కుళాయికి వచ్చేవాళ్లట. వాచ్‌మన్ ఏళ్ల తరబడి రానిచ్చాడు. నా గోడ లేచాక వీధంతా చుట్టి వచ్చారు. ఒక్కరూ నన్ను తిట్టలేదు, అడగలేదు.

ఏడో రోజు పెందలాడే వెళ్తే ఒక పెద్దావిడ బిందె కింద పెట్టి నా టిక్కీల్ని చేత్తో తడిమి చూస్తోంది. మిర్చి తొడాలు తీసీ తీసీ వేళ్లు కమిలిపోయి ఉన్నాయి. "ఏ రకం కాయలు బాబూ ఇవి, వాసనే లేదు?" అంది. ఊక అని చెప్పలేకపోయాను. "నిరుటి సరుకమ్మా" అన్నాను. నా మొహంలోకి ఒక్కసారి చూసి, బిందె ఎత్తుకుని మళ్లీ చుట్టుదారినే వెళ్లిపోయింది. అప్పటికైనా నాలుగు టిక్కీలు తీస్తే తలుపు తెరుచుకునేది. మర్నాడు ఎవరో పెద్ద మనిషి చూడ్డానికొస్తాడని తియ్యలేదు. ఆ తర్వాత కూడా ఇంకో మూడు రోజులు ఉంచాను. ఈ సంగతి మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ఎన్నాళ్లకో రిచర్డ్ సెర్రా అనే అమెరికన్ శిల్పి గురించి చదివాను. న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 1981లో 'టిల్టెడ్ ఆర్క్' పేరుతో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉక్కు గోడ నిలబెట్టాడు. రోజూ నడిచే దారికి అడ్డమని అక్కడి ఉద్యోగులు గొడవపెడితే 1985లో విచారణ జరిగింది, 1989లో ముక్కలు చేసి తీసేశారు. ఆ చోటు కోసం చేసినదాన్ని అక్కణ్ణుంచి కదిలిస్తే అది చచ్చినట్టేనని ఆయన వాదన. కాదనను. కానీ చదువుతున్నంతసేపూ నాకు ఆ బిందె కనపడింది.

నీకు ఈ తెలివి చిన్నప్పుడే ఉంది. విజయవాడలో బందరు రోడ్డు మ్యూజియంకి తీసుకెళ్తే విగ్రహాలు వదిలేసి, "1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా ఇచ్చింది ఏ మూల నిలబడి మామయ్యా?" అని ప్రాణం తీశావు. ఆ రోజు నిన్ను ఎత్తుకుని బస్టాండు దాకా నడిచాను.

తొడాలు తీసే ఆడవాళ్లని పిలుస్తానన్నావట. యార్డులో వచ్చే కూలికి తగ్గకుండా, ఏ రోజుది ఆ రోజే ఇవ్వు. అది వాళ్ల చేత చేయించుకునే పని, సరదా కాదు. ఏం కడుతున్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఊకైతే ఊకని చెప్పు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, టేప్ రెండో చివర పట్టుకోడానికి. ఈలోగా ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి గోడౌన్ దగ్గర నిలబడు. వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో, అందులోంచి ఎవరు నడుస్తున్నారో చూసి నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య