తెగిన వేలు అతికించాక చైనా కషాయం తాగొచ్చా? నాకు జరిగింది చెబుతాను

చైనాలోని సూచౌలో మీ అన్నయ్య వేలు ప్రెస్ కింద తెగింది, ఆపరేషన్ చేసి అతికించారు, ఇప్పుడు ఆ ఆసుపత్రివాళ్లే చైనా కషాయం కూడా ఇస్తామంటున్నారు, ఒప్పుకోవాలా అని కదా అడిగారు. కొన్నేళ్ల కిందట అదే దేశంలోని నింగ్బోలో ప్లాస్టిక్ మోల్డింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా నా ఎడమచేతి ఉంగరం వేలు మధ్య కణుపు దగ్గర తెగింది. కాబట్టి చెప్పగలను.

ముందుగా ఒక మాట. వేలిని బతికించింది మూలికలు కాదు, మైక్రోస్కోపు. మిల్లీమీటరు లావున్న రక్తనాళాలను వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టారు. ఇందులో చైనావాళ్లకి పాత అనుభవమే ఉంది: 1963లో షాంఘైలో డాక్టర్ చెన్ చుంగ్‌వెయ్ బృందం ఒక కార్మికుడి తెగిన చేతిని అతికించింది. నా పక్క మంచం తాత ఆ కథ రోజుకోసారి చెప్పేవాడు. తెగిన బొటనవేలిని మైక్రోస్కోపు కింద మొదట కలిపింది మాత్రం 1965లో జపాన్ డాక్టర్లు కొమాత్సు, తమాయ్. ఆ సంగతి తాతకి నేను చెప్పలేదు.

మొదటి పది రోజులు నాకు కషాయం ఊసే లేదు. వేలిమీద వెచ్చటి లైటు, మంచం దిగొద్దు, సిగరెట్ పొగ వాసన కూడా సోకొద్దు. గంటగంటకీ నర్సు వేలి కొస నొక్కి రంగు చూసేది. తెల్లబడితే రక్తం రావట్లేదని, నీలంగా ఉబ్బితే వచ్చిన రక్తం తిరిగి పోవట్లేదని అర్థం. మూడో రోజు నాది నీలమైంది. గోరు తీసేసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందులో తడిపిన దూది పెట్టి రక్తం కారేలా చేశారు. ఇలాంటప్పుడు కొన్నిచోట్ల జలగలు పెడతారు. మన ఆయుర్వేదంలోనూ జలగలు పెడతారు. అమెరికాలో 2004లో వాటిని వైద్య పరికరంగా అనుమతించారు!

కషాయం ఆ గండం గడిచాకే మొదలుపెట్టారు. అందులో తాన్‌షెన్, తాంగ్‌క్వెయ్ వేర్లు, ఇంకా హుంగ్‌హ్వా. ఆ చివరిది ఏంటా అని చూస్తే మన కుసుమ పువ్వు! ఇవి రక్తం కదలడానికి అంటారు. సరిగ్గా అందుకే జాగ్రత్త. తాన్‌షెన్ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర)తో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. నాకు కూడా రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ నడుస్తోంది కాబట్టి డాక్టరు ఆ లెక్క చూసే మోతాదు రాశాడు. నేను తెలివిమాలిన పని చేసింది ఇంటికొచ్చాక. రూమ్‌మేట్ ఇచ్చిన మూలికల సారా రెండు గుక్కలు తాగాను. రాత్రికి కట్టు తడిసిపోయింది. మర్నాడు డాక్టరు తిట్టిన తిట్లలో సగం అర్థం కాలేదు, అర్థమైనవి చాలు.

నిజంగా హాయిగా అనిపించింది చివర్లో వచ్చిన స్నానం. పుండు పూర్తిగా మానాక, ఎముకను పట్టి ఉంచిన లోపలి పిన్ను తీసేశాక, మూలికలు మరిగించిన గోరువెచ్చటి నీళ్లలో రోజూ చెయ్యి నానబెట్టి, ఆ వెంటనే ఫిజియో. బిగుసుకున్న కణుపు కాస్త వదులైంది. నా అనుమానం, అందులో సగం గొప్పతనం వెచ్చటి నీళ్లదే. వేడి మాత్రం రెండో చేత్తో చూసుకోమనండి. అతికించిన వేలికి స్పర్శ ఉండదు, కాలినా తెలీదు. తెగిన నరం రోజుకి దాదాపు మిల్లీమీటరే పెరుగుతుంది మరి.

అందుకని నా సలహా: కుట్టిన డాక్టరు ఒప్పుకున్న కషాయమైతే తాగనివ్వండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ ఆ కషాయం రాసేవాళ్ల ముందు పెట్టండి. బయటి దుకాణం పొట్లాలు, ఇంటి నుంచి పంపే లేపనాలు వద్దు. మా అమ్మ ఫోన్‌లో పసుపు పెట్టమంది, దానికీ సరే అని చెప్పి పెట్టలేదు.

అన్నయ్య వేలు ఈరోజు ఏ రంగులో ఉంది? ఎన్నో రోజు? నీలంగా ఉంటే ఇక్కడ జవాబు కోసం ఆగకుండా నర్సును పిలవండి.