గడువున్న గడ్డ మీద నోట్ రాసేటప్పుడు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కౌలు భూభాగం భవిష్యత్తు మీద నోట్ రాయమన్నారని రాశావు కదా. 1997 దాకా బ్రిటన్ పాలించిన హాంకాంగ్ ఫైలు ముందేసుకో.

మొదట ఏ ముక్క ఏ పత్రం కిందికి వస్తుందో మ్యాపు మీద విడదీయి. హాంకాంగ్ ద్వీపం 1842లో, దాని ఎదుటి కౌలూన్ 1860లో చైనా బ్రిటన్‌కు శాశ్వతంగా రాసిచ్చినవి. 1898లో 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నది న్యూ టెరిటరీస్ ఒక్కటే, గడువు 1997 జూన్ 30. అయితే పెద్ద రిజర్వాయర్లు, విమానాశ్రయం ఆ కౌలు నేలలోనే ఉన్నాయి. అది పోతే మిగతా రెండూ నిలబడవు. పైగా చైనా ఆ మూడు ఒప్పందాలనూ బలవంతపువిగానే చూసింది. గడువు బెంగ బ్రిటన్‌ది, చైనాది కాదు. ఈ తేడా నోట్ మొదటి పేజీలోనే ఉండాలి.

తర్వాత అప్పుల కాలం లెక్కగట్టు. న్యూ టెరిటరీస్‌లో సర్కారు ఇచ్చిన భూమి లీజులు గడువుకు మూడు రోజుల ముందే తీరిపోయేలా ఉండేవి. ఇంటి లోను 15 ఏళ్లదైతే బ్యాంకువాడికి 1982 నుంచే గుబులు. అంటే నీ చేతిలో ఉన్న సమయం అనుకున్నదానికంటే చాలా తక్కువ.

అడిగేముందు ‘కాదు’ అంటే ఏం చేస్తావో రాసి పెట్టుకో. 1979 మార్చిలో హాంకాంగ్ గవర్నర్ మెక్‌లెహోస్ బీజింగ్‌లో చైనా నేత డెంగ్ సియావోపింగ్ ముందు ఈ లీజులను 1997 తర్వాతా కొనసాగించే సంగతి ఎత్తారు. అది పాలనాపరమైన చిన్న విషయంలా కనిపించింది గానీ, అవతలివాళ్లకు అందులో సార్వభౌమాధికారం ప్రశ్నే వినబడింది. పెట్టుబడిదారులు నిశ్చింతగా ఉండవచ్చన్న మాట దక్కింది, లీజులకు ఒప్పుకోలు దక్కలేదు. పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్న ముసుగులో పంపితే ఇదే గతి.

మైకు ముందు చట్టం మాట్లాడనివ్వకు. 1982లో బ్రిటన్ ప్రధాని థాచర్ పాత ఒప్పందాలు చెల్లుతాయని బాహాటంగా అన్నారు, బీజింగ్ మరింత బిగుసుకుంది. రెండు దేశాల చర్చలు మొరాయించిన 1983 సెప్టెంబరులో అమెరికన్ డాలరుకు హాంకాంగ్ డాలర్లు 9.6 దాకా వెళ్లాయి. అక్టోబరులో మారకం రేటును 7.80 దగ్గర కట్టేయాల్సి వచ్చింది. ప్రకటన ముసాయిదాను ముందు ఆర్థిక శాఖవాళ్లకు చూపించు.

డ్రాఫ్టింగ్‌కు 1984 డిసెంబరు 19 నాటి బ్రిటన్-చైనా ఉమ్మడి ప్రకటన చదువు. సార్వభౌమాధికారం ఎవరిదన్న చోట ఒకే వాక్యం కుదరక చైనా మాట ఒక పేరాలో, బ్రిటన్ మాట ఇంకో పేరాలో పెట్టారు. అసలు పనితనం భూమి లీజుల అనుబంధంలో ఉంది: పాత లీజులు అదనపు సొమ్ము లేకుండా 2047 దాకా, ఏటా అద్దె విలువలో 3 శాతం శిస్తు, 1997 దాకా కొత్తగా ఇచ్చే భూమి ఏడాదికి 50 హెక్టార్లు మించకూడదు. జనానికి కావలసింది ఇదీ.

గడువే లేని కౌలు మేలంటావేమో. 1902లో తన బేరార్ ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్లకు ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా ఇచ్చిన నిజాం సర్కారు, 1923లో వెనక్కి అడిగి భంగపడింది.

డ్రాఫ్టు అయ్యాక పంపు. తేదీల పట్టిక విడిగా జతచెయ్యి, పేరాల్లో ఇరికించకు.

– మామయ్య