నిలబడిపోయిన ప్రోగ్రాము గురించి ప్రసన్నకు

చిత్తూరు

చిరంజీవి ప్రసన్నకు మామయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోనులో నువ్వు "ప్రోగ్రాము నడవదు, తప్పూ చూపించదు, ఊరికే నిలబడిపోతుంది మామయ్యా" అంటే నాకు నవ్వు వచ్చింది. నిన్ను చూసి కాదమ్మా, సరిగ్గా అలాగే నిలబడిపోయిన నా ప్రోగ్రాము గుర్తుకు వచ్చి.

ఇక్కడికి దగ్గరలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. జూన్ నెల, తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరి ఉన్నాయి. కాటా గదిలో లైనక్స్ కంప్యూటర్. ఒక ప్రోగ్రాము కాటా నుంచి బరువు తీసుకుని పంపాలి, రెండోది చీటీ ముద్రించి "అయింది" అని జవాబు చెప్పాలి. అందుకని రెండు నేమ్‌డ్ పైపులు పెట్టాను (ఒక ప్రోగ్రాము రాసింది ఇంకోటి చదువుకునేందుకు ఫైలులా పేరు ఉండే గొట్టాలు), ఒకటి బరువుకు, ఒకటి జవాబుకు. మొదటి ప్రోగ్రాము ముందుగా జవాబు పైపును చదవడానికి తెరిచింది. రెండోది ముందుగా బరువు పైపును చదవడానికి తెరిచింది. అంతే, రెండూ బిగుసుకుపోయాయి. ముందున్న ట్రాక్టరు రైతు కిటికీలో తల పెట్టి, "సార్, కాయలు ఇక్కడే మాగిపోయేట్టున్నాయి" అన్నాడు.

సంగతి ఏమిటంటే, పైపును చదవడానికి తెరిస్తే, రాసేవాళ్లు ఎవరైనా అవతలి కొస తెరిచేదాకా ఓపెన్ తిరిగి రాదు. రాయడానికి తెరిచినా అంతే, చదివేవాళ్లు రావాలి. నా రెండు ప్రోగ్రాములూ చదివే కొసలే పట్టుకుని ఎదుటివాడి కోసం కూర్చున్నాయి. మందు ఒక్క వరుస మార్పు: రెండూ ముందు బరువు పైపునే తెరవాలి, ఆ తరువాతే జవాబు పైపు. నీ రెండు ఫైళ్లలోని ఓపెన్ వరుసలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడు. తప్పు అక్కడే ఉంటుందని నా అనుమానం.

ఓ_నాన్‌బ్లాక్ (ఓపెన్‌ను ఆగి ఎదురుచూడనివ్వని సూచన) పెడితే సరిపోతుందని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. చదివే వైపు వెంటనే తెరుచుకుంటుంది, నిజమే. కానీ రాసే వైపు, అవతల ఎవరూ లేకపోతే ఈఎన్ఎక్స్ఐఓ అనే తప్పుతో తిరిగి వస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ ప్రయత్నించే బాధ్యత నీ నెత్తినే పడుతుంది. ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

పైపును సృష్టించడం చిన్న పని. ఎమ్‌కేఫైఫో అనే ఫంక్షన్‌కు దారి పేరు, అనుమతులు ఇస్తావు. పని అయితే 0 వస్తుంది, కాకపోతే -1. నువ్వు 0666 ఇచ్చినా యూమాస్క్ (అనుమతుల్లో కోత పెట్టే అమరిక) 022 ఉంటే మిగిలేది 0644, అంటే వేరే యూజర్ రాయలేడు. పైపు ముందే ఉంటే, తప్పు ఏమిటో చెప్పే ఎర్‌నోలో ఈఎగ్జిస్ట్ (ఆ పేరు ముందే ఉంది) వస్తుంది. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు, కానీ అక్కడ ఉన్నది నిజంగా పైపేనా అని, ఫైలు రకం చెప్పే స్టాట్‌తో చూడు. ఎందుకంటే ఓపెన్‌లో అలవాటుగా, ఫైలు లేకపోతే సృష్టించమనే ఓ_క్రియేట్ పెట్టేస్తే, పైపు లేనప్పుడు అదే పేరుతో మామూలు ఫైలు పుట్టుకొస్తుంది. ఎల్ఎస్ -ఎల్ కొట్టినప్పుడు వరుస మొదట పీ అక్షరం కనిపిస్తేనే అది పైపు. (వైవాలో అడుగుతారేమో: లైనక్స్‌లో ఎమ్‌కేఫైఫో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా పిలిచే సిస్టమ్ కాల్ కాదు, లైబ్రరీ ఫంక్షన్. లోపల ఎమ్‌కేనోడ్ కుటుంబపు కాల్‌ను పిలుస్తుంది. సిస్టమ్ కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి కళ్లారా చూసుకో.)

తెరవడం కుదిరాక ఇంకో తంటా ఉంది. రాసేవాళ్లందరూ క్లోజ్ చేస్తే రీడ్ 0 ఇస్తుంది, అంటే ఇక చదవడానికి ఏమీ లేదని. నేను దాన్ని పట్టించుకోకుండా లూపు తిప్పాను. ప్రోగ్రాము ఖాళీగా గిరగిర తిరిగి కంప్యూటర్‌ను వేడెక్కించింది. 0 వస్తే మూసి మళ్లీ తెరువు. లేదా చదివే ప్రోగ్రామే రాసే కొసను కూడా ఒకటి తెరిచి పెట్టుకుంటే 0 రాదు. చదివేవాడు చచ్చిపోతే రాసేవాడికి సిగ్‌పైప్ అనే సిగ్నల్ తగిలి, వాడూ పోతాడు. ఆ సిగ్నల్‌ను విస్మరించమని ముందే చెప్పి, రైట్ ఇచ్చే -1 ను చూసుకో.

ఒకే పైపులో పదిమంది రాసినా మాటలు కలగాపులగం కావు, ఒక్కో రైట్ పైప్‌_బఫ్ అనే హద్దు దాటనంత వరకు. అది లైనక్స్‌లో 4096 బైట్లు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ హామీ ఇచ్చేది కనీసం 512. నీ చీటీలు వంద బైట్లు కూడా ఉండవు కదా, నిశ్చింతగా ఉండు.

పని అయ్యాక అన్‌లింక్ చేసి ఆ పేరు తీసెయ్యి, లేకపోతే పైపు పేరు డైరెక్టరీలో అలాగే పడి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో చేసి చూడకు. వాటిలో ఎక్కువగా ఉండే ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో పైపులు పుట్టవు.

ఆదివారం తిరుపతి వస్తున్నాను, బస్టాండు నుంచి నేరుగా మీ ఇంటికే. అమ్మకు చెప్పు. నేను వచ్చేసరికి రెండు టెర్మినళ్లూ తెరిచి ఉంచు, ఒకదాంట్లో నువ్వు రాయి, ఇంకోదాంట్లో నేను చదువుతాను.

మీ మామయ్య